తోక విరిగిన విమానం

యాదగిరికి ముప్పై ఏళ్లు వచ్చేదాకా మ్యూజియం గడప తొక్కే పని పడలేదు. రామన్నపేట దగ్గరి ఊళ్లో పద్మశాలీల ఇంట పుట్టాడు. మగ్గం గుంటలో కాలు పెట్టనని పదిహేనేళ్లకే మొండికేశాడు. నల్లగొండకు వచ్చి టైపు నేర్చుకున్నాడు, టైపు మిషన్లు మూలకు పడ్డాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. తొంభై ఎనిమిది నాటికి గడియారం సెంటర్ దగ్గర అహ్మద్ అలీ ఫొటో స్టూడియోలో కుదురుకుని, నెలకోసారి ఊరికి వెళ్లి అమ్మానాన్నలను చూసి వస్తూ, తాను బాగుపడ్డానని నమ్ముతూ బతుకుతున్నాడు.

ఆ ఏడాదే అహ్మద్ అలీ అప్పో సప్పో చేసి కంప్యూటరు, స్కానరు, రంగుల ప్రింటరు తెచ్చాడు. నల్ల అట్టలకు ఫొటోలు అంటించి పైన పల్చటి కాగితం కప్పే ఆల్బంల కాలం పోయిందని బోర్డు రాయించాడు. ఇక మీద కంప్యూటర్ ఆల్బం. ఒక్కో పేజీలో నాలుగైదు ఫొటోలు పొందిగ్గా అమర్చి, చుట్టూ అంచు వేసి, మూలల్లో బొమ్మలు పెట్టి, పిల్లా పిలగాడి పేర్లు సోకుగా రాసి ఇవ్వడం. జనం ఎగబడ్డారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. కంప్యూటర్‌తో పాటు ఇచ్చిన బొమ్మల్లో గులాబీలు, రెండు హంసలు, ఒక బాణం గుచ్చిన గుండెకాయ తప్ప ఇంకేమీ లేవు. ఆర్నెల్లు తిరిగేసరికి జిల్లాలో ఏ పెళ్లి చూసినా అవే హంసలు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒకాయన ఆల్బం బల్ల మీద పడేసి, "మా చెల్లె పెండ్లిల ఉన్న బాతులనే నా పెండ్లిల గుడ తెచ్చి పెట్టిన్రు, గివి తప్ప మీ తాన ఏం లేవా?" అని అడిగి పోయాడు.

అహ్మద్ అలీ మంచివాడే గానీ అవమానం ఓర్చుకోలేడు. పట్నంలో పాత బంగళాలో ఉన్న ఒక చిన్న మ్యూజియం చిరునామా ఎవరినో అడిగి, కాగితం ముక్క మీద రాసి తెచ్చాడు.

"యాదగిరీ, జర పోయి చూసిరా. పాత గిన్నెల మీద, పాత కితాబుల మీద మస్తు తీగలు, పువ్వులు ఉంటయి. నోటుబుక్కుల గీసుకొని రా. బస్సు కిరాయి నేనిస్త."

మొక్కుబడిగా వెళ్లినవాడు మధ్యాహ్నం తిండి కూడా మరిచిపోయి అక్కడే తిరిగాడు. నల్లటి హుక్కా కుండ మీద వెండి తీగ చూసి, తాతల, అవ్వల నలుపు తెలుపు ఫొటోలకు ఇది సరిపోతుందని గీసుకున్నాడు. నీలం అంచు పింగాణీ పళ్లెం చూసి తొట్టెల ఫంక్షన్ పేజీలకు దాచుకున్నాడు. ఒక పాత ఫార్సీ పుస్తకంలో రాత కంటే చుట్టూ వదిలిన ఖాళీ ఎక్కువగా ఉంది. ఆ ఖాళీ వల్లే రాతకు అంత మర్యాద వచ్చిందని అతనికి అనిపించింది. తాను ఇన్నాళ్లూ పేజీ నిండా ఫొటోలు కుక్కి పెళ్లిళ్లను సంతలు చేశానని నిజంగానే సిగ్గుపడ్డాడు.

ఆఖరి గదిలో అద్దాల పెట్టెలో ఒక రుమాలు పరిచి ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు. మధ్యలో గడియారాలు, చుట్టూ సింహాలు, నాలుగు మూలల్లో నాలుగు విమానాలు. కింద చీటీ: 'చిటికి రుమాలు (నూలుకు దారంతో ముడులు కట్టి, రంగులద్ది నేసినది). నల్లగొండ జిల్లా. నేసినవారి పేరు తెలియదు.' మన జిల్లాదే అనుకుని సంబరపడ్డాడు. కిటికీ వెలుతురు పడుతున్న మూల దగ్గర కూర్చుని, ఆ మూల విమానాన్ని గళ్ల కాగితం మీద ఒక్కో గడీ లెక్కపెట్టి దించుకున్నాడు. దాని తోక కొంచెం పక్కకు జరిగి, మెట్టు విరిగినట్టు ఉంది. మగ్గం మీద కూర్చున్నవాడైతే అది దోషమని ఒక్క చూపులో పట్టేవాడు. యాదగిరి అదీ ఒక సొగసే అనుకున్నాడు. మిగతా మూడు మూలల వైపు వెళ్లలేదు. వెళ్లాల్సిన అవసరం కంప్యూటర్ పనివాడికి ఉండదు. ఒక్క మూల గీస్తే చాలు, మిగతా మూడింటినీ అదే తిప్పి పెడుతుంది.

ఆ విమానాలతో చేసిన పేజీ నల్లగొండలో కొట్టిన దెబ్బకు హంసలు ఎటు పోయాయో తెలియలేదు. సూర్యాపేట, భువనగిరి స్టూడియోలవాళ్లు కూడా వచ్చి "ఇమానాల పేజీ" వేయించుకుపోయారు. గిరాకీ పెరిగాక యాదగిరి ఇంకొక పని చేశాడు. ఎవరూ చెప్పలేదు, అహ్మద్ అలీ అడగలేదు, తనకు తానే పేజీ అడుగున చిన్న అక్షరాలతో 'డిజైన్: యాదగిరి' అని పెట్టుకున్నాడు. ఆ ఇంటి పేరు గానీ ఒంటి పేరు గానీ అచ్చులో పడటం అదే మొదలు.

పెద్దనాయిన మనవరాలి పెళ్లికి కట్నం కింద తానే ఒక ఆల్బం చేసి, వాళ్లకు ఇచ్చేముందు అమ్మానాన్నలకు చూపిద్దామని ఇంటికి తెచ్చాడు. తండ్రి సిద్దయ్యకు అరవై ఐదు దాటాయి. మోకాళ్లు పట్టేసి రెండేళ్ల కిందటే మగ్గం దిగాడు. సంతకం తప్ప చదువు రాదు. పెళ్లికూతురి మొహం చూడమని ఇస్తే, ముసలాయన మొహాలు వదిలేసి మూలలు చూస్తూ కూర్చున్నాడు.

"గిది నేను నేసిందే బిడ్డా," అన్నాడు చివరకు.

"ఏది నాయినా?"

"గీ రుమాలు. నువ్వు పుట్టకముందు నేసిన. ఆఖరి జానెడు నేస్తుంటే పడుగుల పది పోగులు తెగినయ్. ముడేసి ఎక్కిస్తే జారినయ్, ఇమానం తోక ఇరిగింది. దోషం ఉన్నదని సొసైటోళ్లు తీసుకోలె. పట్నం నుంచి కారేసుకొని ఒకాయన వస్తే ఇచ్చేసిన. నా పేరు గుడ అడగలె. మరి గిదేంది, నాలుగు దిక్కుల ఇరిగింది? నేను ఒక్క మూలనే చెడగొట్టిన గద."

యాదగిరి కంప్యూటర్ సంగతి చెప్పాడు. సిద్దయ్య నవ్వి, "నేను ఒక్కసారి జేసిన తప్పు మీ మిషను నాలుగుసార్లు జేసిందన్నట్టు," అన్నాడు. తర్వాత ఆ రుమాలు ఎక్కడ చూశావని, ఎట్లా పెట్టారని, కింద ఏం రాశారని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. నేసినవారి పేరు తెలియదని రాశారని కొడుకు చెప్పేసరికి ఆల్బం మూసి పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున కొడుకు బస్సెక్కే ముందు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"యాదగిరీ, నా చేతుల మీద వేల చీరెలు పోయినయ్. కట్టుకున్నోళ్లు కట్టుకున్నరు, చింపుకున్నోళ్లు చింపుకున్నరు. అద్దాల పెట్టెల పెట్టింది గదొక్కటే. దాని కింద నా పేరు రాయించు బిడ్డా. నాకింకేం వద్దు."

తల్లి లక్ష్మీనర్సమ్మ గుమ్మంలోంచి, "ఏం సూపెట్టి రాయిస్తవు? బొమ్మ గీసిన కాయితం ఎలుకలు కొరికె. చిటికి విప్పిన దారాలు నేనే పొయ్యిల పెడితి," అంది. ఆమె చెప్పింది నిజమే. గుడ్డ మీద పేరు వేసుకునే అలవాటు ఆ ఇళ్లల్లో ఏనాడూ లేదు.

"తోక ఇరిగింది ఒక్క మూలనే అని నేను చెప్తా గద," అన్నాడు సిద్దయ్య. "ఏ మూలనో గుడ చెప్త. నేసినోడికి గాక ఎవలకు తెలుస్తది?"

యాదగిరి మ్యూజియం ఆఫీసరుకు ఉత్తరం రాస్తానన్నాడు. రాయలేదు. ఈ వారం పెళ్లిళ్లు ఉన్నాయన్నాడు, వచ్చే వారం ఆఫీసరు ఉండడన్నాడు. అసలు సంగతి వేరే. పేజీ అడుగున ఉన్న తన పేరు తీసేయాలి. అర నిమిషం పని. రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ వరుస మీదికి వెళ్లి, ఇంకొక పెళ్లి అయ్యాక తీద్దామని వెనక్కి వచ్చేవాడు. ఎక్కడో కోదాడ నుంచి ఫోన్ చేసి "యాదగిరి గారు ఉన్నారా" అని అడిగేవాళ్లను వదులుకోబుద్ధి కాలేదు. తండ్రికి ఎట్లాగూ చదువు రాదు కదా అని కూడా అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా తీయలేదు.

నాలుగు నెలలు చూసి చూసి సిద్దయ్య తానే బయల్దేరాడు. ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకుని నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద దిగి, అక్కడి హోటల్ ఫోన్ నుంచి స్టూడియోకు ఫోన్ చేయించాడు. యాదగిరికి తప్పలేదు. ఇద్దరూ పట్నం బస్సెక్కారు. దారి పొడుగునా ముసలాయన ఆ రోజుల గురించే చెప్పాడు. నూలును నూనెలో నానబెట్టడం, ఆముదం కాయల బూడిద, నెలల తరబడి ఇల్లంతా ఆ వాసన.

మ్యూజియం చేరాక ముందు రుమాలు చూద్దామన్నాడు సిద్దయ్య. ఆఫీసరు భోజనానికి లేస్తాడు, ముందు ఆయన్ను కలుద్దామని యాదగిరి లోపలికి తీసుకుపోయాడు.

ఆఫీసరు కసిరే మనిషి కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. సిద్దయ్య చెప్పిందంతా విన్నాడు. నేత ముగిసిన అంచు దగ్గర, ఎడమ చేతి మూలలో తోక విరిగి ఉంటుందని, పది పోగులు వేలెడు జారి ఉంటాయని చెబుతుంటే తల కూడా ఊపాడు. తర్వాత సొరుగు లాగి, ఒక నిగనిగలాడే పేజీ తీసి బల్ల మీద పెట్టాడు.

"మా బంధువుల పెళ్లి ఆల్బంలోది. సూర్యాపేటలో చేయించారట. మా రుమాలు ఇక్కడికి ఎట్లా వచ్చిందా అని నెల రోజులుగా ఆరా తీస్తున్నాను. తోక విరిగిన సంగతి ఇప్పుడు మీ జిల్లాలో ప్రతి పెళ్లింటికీ తెలుసు పెద్దాయనా. అది రుజువు ఎట్లా అవుతుంది?"

"ఒక్క మూలనే సారూ. గిండ్ల నాలుగున్నయ్."

"ఎవరైనా వచ్చి పెట్టె చూసిపోతే ఆ మాట చెప్పగలరు. కాగితమేమన్నా ఉందా? రసీదు? చూసిన మనిషి?" సిద్దయ్య దగ్గర ఏమీ లేవు. ఆఫీసరు పేజీ అడుగున వేలు పెట్టాడు. "ఇక్కడ డిజైన్, యాదగిరి అని ఉంది. ఎవరీ యాదగిరి?"

యాదగిరి నేల చూశాడు. సిద్దయ్య కొడుకు వైపు తిరిగి, "ఆడ నీ పేరున్నదా బిడ్డా?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగాడు.

ఆఫీసరుకు సంగతి అర్థమైంది. అంతా అర్థం కాలేదు. వ్యాపారానికి బొమ్మలు దించరాదని గుమ్మంలోనే బోర్డు ఉందన్నాడు. కొడుకు దించుకుని అమ్ముకున్నాక, అది మాదేనని తండ్రి వస్తే పైవాళ్లు ఏమనుకుంటారన్నాడు. "మీరు పట్టు వదలకపోతే నేను ఎంక్వైరీకి రాయాలి. రాస్తే మీ అబ్బాయి మీద ఫిర్యాదు కూడా దాంతోపాటే పోతుంది. వద్దనుకుంటే, పొరపాటున చెప్పానని ఒక కాగితం రాసిచ్చి వెళ్లండి. ఇద్దరి సంగతీ ఇక్కడితో మూసేస్తాను."

అప్పుడు యాదగిరి లేచి, సార్, అది మా నాయిన నేసిందే, దొంగను నేను, నా మీద రాయండి అనాల్సింది. అహ్మద్ అలీ మొహం, స్టూడియో, నల్లగొండలో కిరాయి ఇల్లు గుర్తొచ్చాయి. కుర్చీలోంచి లేవలేదు.

"కాయితం రాస్తే నా కొడుక్కు ఏం గాదు గద?" అన్నాడు సిద్దయ్య.

"ఏం కాదు."

"అయితే రాయిన్రి."

ఆఫీసరు తెల్లకాగితం, పెన్ను యాదగిరి ముందుకు జరిపి ఏం రాయాలో చెప్పాడు. యాదగిరి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. పెళ్లి పేజీల మీద పేర్లు రాసే చేయి కదా, ఒక్క అక్షరం చెడలేదు. రాసి తండ్రికి అందించాడు. సిద్దయ్య కాగితాన్ని తిరిగి కొడుకు చేతిలోనే పెట్టాడు.

"సదువు. ఏం రాసినవో వినకుండ నేనెన్నడు సంతకం పెట్టలె."

యాదగిరి చదివాడు. "రామన్నపేట మండలం కాపురస్తుడు సిద్దయ్య అనే నేను, ఈ మ్యూజియంలో ఉన్న రుమాలును..." అక్కడ ఆగిపోయాడు.

"ఆగినవేంది? సదువు."

"నేను నేయలేదు. నేనే నేశానని పొరపాటున చెప్పాను. నా కుమారుడు తెలియక డిజైన్ వాడుకున్నందుకు మన్నించగలరు."

"సక్కగ రాసినవ్," అన్నాడు సిద్దయ్య. బల్ల మీదికి వంగి, మూడక్షరాలూ ఒత్తి ఒత్తి పెట్టాడు. ఆఫీసరు ఆ కాగితాన్ని రుమాలు తాలూకు ఫైల్లో గుచ్చి, ఎప్పుడు ఎవరు అడిగినా దొరకాలని ఫైలు అట్ట మీద సిద్దయ్య పేరు, ఊరు, తేదీ రాసుకున్నాడు.

బయటి వరండాలోకి వచ్చాక యాదగిరి ఆగాడు. రుమాలున్న గది ఎడమ వైపుంది, తలుపు తీసే ఉంది.

"నాయినా, చూసి పోదామా?"

"ఎవలదో గుడ్డ. నాకెందుకు బిడ్డా," అన్నాడు సిద్దయ్య. "నడువు, బస్సుకు టైమైతాంది."