ఎడమచేతి కాగితం

పాండురంగారావు తణుకు నుంచి ఏలూరొచ్చాడంటే ఏదో ఒక కాన్వెంటు పిల్లల చేతులకు మూడిందన్నమాటే. పది రోజుల్లో దస్తూరిని ముత్యాలు చేసేస్తానంటాడు. అతని సొంత దస్తూరి చూసినవాడు లేడు. కరపత్రం దగ్గర్నుంచి రసీదు దాకా కంప్యూటర్లో కొట్టించుకొస్తాడు మరి.

తెలుగు టీచరు నిస్సీకి అతన్ని చూస్తే ఒళ్లు మంట. అతని కిటుకు ఆమె మొదటిరోజే పట్టేసింది. మెదడుకు వ్యాయామం అంటూ పిల్లలందరి చేతా ఎడమచేత్తో నాలుగు వాక్యాలు రాయించి, ఆ కోడిగీతల కాగితాలు దాచాడు. ఆఖరిరోజు కుడిచేత్తో నిదానంగా రాయిస్తాడు. రెండూ గోడమీద పక్కపక్కన అంటిస్తాడు. ఇది "ముందు", అది "తర్వాత". తల్లిదండ్రులు ముక్కున వేలేసుకుంటారు. ఈ విద్యకు శాలువా కూడానూ!

ప్రిన్సిపాల్ అబ్బాయిరాజుకు చెబితే, "పేరెంట్స్ సంతోషపడతారు కదా మేడమ్, మీకేంటండీ నొప్పి?" అన్నాడు.

నొప్పి ఉజ్మాది. టైలరు లాల్ బాషా కూతురు, పుట్టుకతో ఎడమచేతివాటం. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ఆ చేత్తో రాస్తే స్కూలు పరువు పోతుందట. కుడిచేయి అలవాటు చేసుకోకపోతే టీసీ ఇచ్చేస్తానన్నాడు అబ్బాయిరాజు. అందుకే రెండోరోజు నుంచీ ఎడమచేయి బెంచీ మీదికొస్తే చాలు, పాండురంగారావు స్కేలు లేచేది.

పేరెంట్స్ మీటింగు రోజు నిస్సీ గోడ చూసి పకపకా నవ్వింది. ఉజ్మా "ముందు" కాగితం అచ్చుగుద్దినట్టుంది. "తర్వాత" కాగితం కొల్లేటి బురదలో కొంగ నడిచినట్టుంది. ఎడమచేతివాటం పిల్ల చేత ఎడమచేత్తో రాయిస్తే ఏమవుతుందో ఆ మేధావికి తట్టనేలేదు!

"ఏవండీ మాస్టారూ, పది రోజుల్లో బాగానే చెడగొట్టారండీ!"

పాండురంగారావు అటూ ఇటూ చూసి, రెండు కాగితాలూ పీకి, చోట్లు మార్చి అంటించాడు.

"ఇప్పుడు సరిపోయిందండీ," అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

సాయంత్రం అబ్బాయిరాజు మైకు పట్టుకుని సరిగ్గా ఆ కాగితాలే చూపించాడు. "చూడండి, మన ఉజ్మా! ఎక్కడి రాత ఎక్కడికొచ్చిందో!"

చప్పట్లు మోగాయి. నిస్సీ లేచింది. "ఆ రాత పాప చేత బోర్డు మీద రాయిద్దామండీ. అందరూ కళ్లారా చూస్తారు."

"రాయమనండి!" అన్నారు జనం. ఉజ్మా కుడిచేత్తో సుద్దముక్క తీసుకుని బిక్కుబిక్కుమంటూ టీచరు వంక చూసింది.

"సారు మెచ్చుకున్న కాగితం ఏ చేత్తో రాశావో ఆ చేత్తోనే రాయమ్మా."

సుద్దముక్క చేయి మారింది. బోర్డు మీద అక్షరాలు గుండ్రంగా దిగాయి. "ఎడమచేత్తోనా!" అన్నారెవరో. వెనక వరసలో లాల్ బాషా లేచి నిలబడ్డాడు.

నిస్సీ మైకు దగ్గరికి వంగింది. "ఇంత బాగా రాస్తోంది కదండీ సార్, పరీక్ష కూడా ఈ చేత్తోనే రాయొచ్చాండీ?"

హాలంతా అబ్బాయిరాజు వంక తిరిగింది. కాదంటే గోడమీది గుట్టంతా బయటపడుతుంది.

"రాయొచ్చండీ, ఎందుకు రాయకూడదు! మన మాస్టారి ట్రైనింగే అదండీ," అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

పాండురంగారావు శాలువా కప్పించుకుని మరీ కైకలూరు బస్సెక్కాడు. అక్కడ కాగితాలు పంచే ముందు ఎడమచేతివాటం పిల్లలెవరో కనుక్కుంటాడు లెండి. ఏలూరులో అతను నేర్చుకున్న చదువు అదొక్కటే.