మాట పట్టిన బ్రేకు

మదనపల్లె మిషన్ ఆసుపత్రి వెనక యేసుదాసు షెడ్డుకి ఏ లారీ వచ్చినా అతను ముందు అడిగేది ఒకటే. "గాలి పట్టిందా, మాట పట్టిందా?" బ్రేకు పైపులోకి గాలి దూరితే పెడలు మెత్తగా కిందికి పోతుంది. మాట దూరినా అంతే. చేరాల్సిన మనిషికి చేరని మాట డ్రైవరు కాలిగుండా పైపులోకి దిగిపోతుంది, దానికెవరేం చేస్తారు? చక్రం దగ్గర మర వదులుచేసి, ఆముదం పోసిన సీసాలోకి సన్న గొట్టం పెట్టి తీసేయడమే. బుడగ పగిలినప్పుడు మాట బయటపడుతుంది. ఎక్కువగా ఓనర్లకి తగలాల్సిన తిట్లే. విన్నవాడు విననట్టుండి తన పని చూసుకుంటాడు.

ఆ పొద్దు మధ్యాన్నం వచ్చిన బండికి మాటా పట్టింది, తుప్పూ పట్టింది. యుద్ధానికి ముందు కొన్నది, ఇప్పుడు బొగ్గు గ్యాసుతో దగ్గుకుంటా నడిచే రామప్ప లారీ. ఓనరు రామప్పే బండితో పాటు వచ్చినాడు. మూడేళ్ళుగా దాని బ్రేకు ముట్టినవాడు లేడు. కారిన చోటల్లా గుడ్డ చుట్టి, సబ్బు పూసి, గేర్ల మీదా చేతి బ్రేకు మీదా లాక్కొచ్చినారు. రేపు శెనక్కాయ మూటలతో కుప్పం పోవాల. స్టీరింగు వెనక ప్రేమానందం ఉండాడు.

వాణ్ణి చూస్తేనే యేసుదాసుకి ఒళ్ళు మండుతుంది. వాడు చచ్చిపోయిన తన పెండ్లాం అన్నమ్మకి సొంత తమ్ముడు. పెండ్లినాడే "మా అక్కకి వీడు తగడు" అన్న పెద్దమనిషి. మూడేళ్ళ కిందట పుంగనూరు దగ్గర, చౌడేపల్లె మలుపులో, నొప్పులు పడతా ఉన్న అన్నమ్మని ఎద్దులబండిలో పెట్టుకోని యేసుదాసు చెయ్యెత్తి నిలబడితే, ఇదే లారీ దిగుడులో నిదానంగా వస్తానే ఆగకుండా పోయింది. అద్దం వెనక వాడు నోరంతా తెరిచి నవ్వడం యేసుదాసు కళ్ళారా చూసినాడు. ఆసుపత్రి చేరకముందే తల్లీ బిడ్డా పోయినారు. సమాధి దగ్గర వాడు ఏదో చెప్పబోతే యేసుదాసు వాడి మొహాన ఉమ్మేసినాడు. వాడు మాత్రం తక్కువోడా? మొహం తుడుచుకోని పోయినవాడు మళ్ళా నోరు విప్పలేదు.

"వేరే మెకానిక్కు దొరకలేదా రామప్పా?"

"దొరికితే నీ మొహం యాల సూస్తానప్పా? బెంగుళూరు నుంచి రాగి గొట్టం తెప్పించినా. తుప్పుముక్క ఒకటి కూడా ఉండకూడదు, అంతా మార్సు."

యేసుదాసు బండి కింద దూరి ముందు చక్రాల పైపులన్నీ మార్చినాడు. వెనక ఇరుసు మీది పైపు తడిమితే పొరలు పొరలుగా రాలింది. రేపు దిగుడులో కాలు గట్టిగా పడిందంటే పటుక్కున పగులుతుంది. ఎవరూ వంగి చూడని చోటది. దానికి మందంగా గ్రీజు పూసి వదిలేసినాడు. సావనీ, అనుకున్నాడు. మనసేమీ కొట్టుకోలేదు. చెప్పాలంటే హాయిగానే ఉండింది.

"అంతా మార్సినా, రామప్పా." ఆ మాట నమ్మి రామప్ప కాఫీ తాగను పోయినాడు.

గాలి తీయడానికి ఇద్దరు కావాల. పైన ఒకడు పెడలు తొక్కాల, కింద ఒకడు మర విప్పాల. ఎవరైనా "తొక్కు", "వదులు" అని కింద నుంచి అరుస్తారు. ఆ కేక కూడా వాడికి దక్కకూడదని యేసుదాసు స్పానరుతో ఛాసిస్ మీద కొట్టినాడు. ఒక దెబ్బకి తొక్కాల, రెండు దెబ్బలకి వదలాల.

బుడగలు మొదలైనాయి. "వాడి చేతులిరగ!" టప్. "మా అక్కని మింగినోడు." టప్. "ముష్టి మెకానిక్కు." టప్. యేసుదాసు పళ్ళు కొరుక్కున్నాడు. తిట్టరా, తిట్టు, రేపటి దాకానే గదా, అనుకుంటా కొట్టినాడు.

ఆఖరుకి వెనక చక్రం. అన్నిటికంటే పాతమాట ఆ పాత పైపులోనే అతుక్కోని ఉండింది. పైపు మార్చి ఉంటే తుప్పుతో పాటు చెత్తలోకి పోయి ఉండేది. రానని మొండికేసి, తొక్కగా తొక్కగా సీసాలోకొచ్చి పగిలింది.

"బ్రేకు పట్టలేదు బావా! రాయి! సక్రం కింద రాయి వెయ్యి! అయ్యో, అక్కా!"

సీసాలోంచి గొంతు చిరిగేలా అరుస్తాండాడు మూడేళ్ళ కిందటి వాడు. సీసా ఒరిగి ఆముదమంతా మట్టి పాలైంది. నవ్వు కాదది. దేవా, నవ్వు కాదు! ఆ మలుపులో రాళ్ళకేం తక్కువ? కాలి కిందే ఉండాయి.

పైన వాడు దెబ్బ కోసం కాచుకోని ఉండాడు.

"దిగురా," అన్నాడు యేసుదాసు.

వాడు కిటికీలోంచి తల బయటపెట్టినాడు. "నన్నేనా?"

"నిన్నే. ఎనక పైపు కుళ్ళిపోయిండాది."

"అంతా మార్సినానని ఇప్పుడే గదా సెప్తివి?"

"నువ్వు సావల్లని సెప్పినా."

ప్రేమానందం దిగొచ్చి, కిందికి దూరి, గ్రీజు తుడిచి బొటనవేలితో నొక్కినాడు. పైపు విరిగి చేతిలోకొచ్చింది. దాన్నే చూస్తా బయటికొచ్చి నిలబడినాడు. యేసుదాసు కూడా లేచినాడు.

"ఆ పొద్దు నువ్వు నవ్వినావనుకుంటి," అన్నాడు.

"మా అక్కని సూసి నవ్వుతానా నేను?"

వాడు కొట్టిన దెబ్బకి యేసుదాసు చెంప పేలిపోయింది. అతను తిరిగి చెయ్యెత్తలేదు. వాడు కళ్ళు తుడుచుకోని అవతలికి తిరిగినాడు. యేసుదాసు రాగి గొట్టం కొలత పెట్టి కోసి, మళ్ళా బండి కిందికి పాకినాడు. ఒక్క దెబ్బతో వదిలేసినందుకు వాడి మీద అతనికి మళ్ళా కోపమొచ్చింది.