అసిరమ్మ పేరున ఇచ్చిన రక్తం

వరినాట్లు వేసే ఉబాలొచ్చాయంటే అసిరమ్మ అసిరమ్మ కాదు. అదేం మాయో గాని, వాన పడి దమ్ము పట్టిన మళ్ళ వాసన గాలిలో తేలి వస్తే చాలు, ఇంట్లో కాలు నిలిచేది కాదు. పెళ్ళై వచ్చిన ఏడు మొదలు జట్టుకి ముందు నిలబడి నాటిన మనిషి. పాట ఎత్తేది ఆవిడే. వరస తప్పిన పిల్లని "ఒసే, కళ్ళు కన్నోరింట్లో మర్సిపోయొచ్చీసేవేటే?" అని తిట్టేదీ ఆవిడే. గరివిడికి ఇవతలున్న ఆ ఊళ్ళో ఎవరి మడిలోనైనా తొలి పిడికెడు ఆకు అసిరమ్మ చేత్తోనే పడాలి. ఆ చేతి వాసి అలాంటిది మరి.

అలాంటి మనిషిని నిరుడు గట్టు మీద కూర్చోబెట్టేశారు.

కీళ్ళు! పొద్దున్న లేచేసరికి వేళ్ళు పనసతొనల్లా ఉబ్బిపోయేవి. తడిచీర పిండలేదు, గంజి వార్చలేదు. ముట్లు ఆగిన ఏడే ఈ పీడ మొదలైంది. వాతం అన్నారు, నూనె రాశారు. దిష్టి అన్నారు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. మిరపకాయలు మాడాయి గాని వేళ్ళు లొంగలేదు. చివరికి ఆవిడ మొగుడు గంగులు విజయనగరం తీసుకెళ్ళి డాక్టరు శైలజ గారి ముందు కూర్చోబెట్టాడు.

"ఒంట్లో వాపు రాజుకుంటోంది అసిరమ్మ గారూ," అంది డాక్టరమ్మ. "పైకి కనపడేది కొంచెమే, లోపల పొయ్యి మండుతోంది. మీ ఒళ్ళే మీ కీళ్ళ మీద కత్తి కట్టింది. ముట్లు ఆగే వయసులో హార్మోన్లు తగ్గుతాయి కదా, కొందరికి అప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. మందులు మానకండి. ఆ వాపు ఎంతుందో అప్పుడప్పుడు రక్తంలో చూసుకుందాం. లెక్క తగ్గాక మడిలోకి దిగుదురుగాని. అందాకా బురదలో వంగడం వద్దు."

గంగులుకి డాక్టరు మాట దేవుడి మాట. "లెక్క తగ్గితేగాని గట్టు దిగనిచ్చీది నేదు," అని ఊరందరి ముందూ చెప్పేశాడు.

ఇంకేముంది, నిరుడు ఉబాలన్నాళ్ళూ అసిరమ్మ గట్టు మీద టీ ఫ్లాస్కుకి కాపలా. ఎదురుగా జట్టంతా మడిలో వంగి ఉంటే, బురదలో కాళ్ళు దిగబడే ఆ చల్లదనం తలచుకుని ఆవిడ ప్రాణం గిలగిల్లాడిపోయేది. పాట ఇంకెవరో ఎత్తుతున్నారు, అదీ తప్పుల తడకగా. ఏడిస్తే నవ్విపోతారని కొంగు నోట్లో కుక్కుకునేది. అన్నం సయించేది కాదు. మొగుడి మీద కోపం, వేళ్ళ మీద కోపం, బాగున్న ప్రతి ఆడదాని మీదా కోపం.

మళ్ళీ ఉబాలు దగ్గర పడ్డాయి. రక్తం చూపించుకోవలసిన వేళా వచ్చింది. వేళ్ళు కాస్త వదులైనట్టే ఉన్నాయి గాని, ఆవిడకి ఆ రక్తం మీద నమ్మకం లేదు. ఈసారి కూడా గట్టే గతి అయితే బతకలేననుకుంది. అప్పుడు తట్టిందా దిక్కుమాలిన ఆలోచన!

గంగులు తమ్ముడి పెళ్ళాం ఈశ్వరి. తోడికోడలన్న మాటే గాని, తోడబుట్టినదానికంటే ఎక్కువ. మడిలో ఎప్పుడూ అసిరమ్మ పక్కనే నిలబడేది. రాళ్ళు తిని అరిగించుకునే మనిషని పేరు.

"ఒసే ఈశ్వరీ, నా పేరున నీ రగతం ఇచ్చీయే."

"అదేటప్పా! దొరికిపోతే?"

"సూది గుచ్చీ పిల్లకి మన మొకాలు తెలుసేటి? నీకు ఏ రోగమూ నేదు. నీ రగతంలో లెక్క తగ్గే ఉంటాది. నాను మడిలో దిగిపోతాను. నా తల్లివి కాదూ!"

ఈశ్వరి ఏదో అనబోయి ఆగిపోయింది. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడట, అసిరమ్మకి ఆ ఆగడం ఎక్కడ కనపడుతుంది!

గంగులు దమ్ము పనిలో ఉన్నాడు, రాలేదు. తోడికోడళ్ళిద్దరే బస్సెక్కారు. ల్యాబులో "అసిరమ్మ!" అని పిలిస్తే ఈశ్వరి లేచి వెళ్ళింది. పేరడిగితే తడుముకోకుండా "అసిరమ్మ" అంది. అసలు అసిరమ్మ గోడ మీది బల్లిని చూస్తూ కూర్చుంది. బయటికొచ్చి ఇద్దరూ పునుగులు తిని, బడి ఎగ్గొట్టిన పిల్లల్లా పగలబడి నవ్వుకున్నారు.

సాయంత్రం డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసింది.

"మందులు మానేశారా?"

"నేదమ్మా! మీమీదొట్టు!"

"ఒట్లొద్దు. వాపు కిందటిసారి కంటే పెరిగింది. ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉంది. థైరాయిడ్ కూడా తేడాగా ఉంది, నిరుడు బాగానే ఉందే! మీకు ముట్లు ఆగిపోయాయన్నారు. మళ్ళీ రక్తం గాని పోతోందా?"

అసిరమ్మ లేదని చెప్పబోతుంటే వెనకనుంచి ఈశ్వరి గొంతు వినపడింది.

"పోతందమ్మా. నిరుటి కాడినుంచి. గుడ్డలు సాలవు. నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడిపోతాది."

డాక్టరమ్మ ఈవిడని చూసింది, ఆవిడని చూసింది. ఆ తరవాత తిట్టిన తిట్లు నేను చెప్పను, ఇద్దరికీ చెవులు తుప్పొదిలాయి. "ఈ లెక్క చూసి అసిరమ్మకి మందు పెంచేసేదాన్ని! ఈ మనిషిని చేజేతులా వదిలేసేదాన్ని! ప్రాణాలంటే ఆటలా మీకు?" అంది. అక్కడికక్కడే అసిరమ్మ రక్తం తీయించింది. ఈశ్వరికి స్కానింగు రాసింది, మందులిచ్చింది, రక్తం పట్టేదాకా పొలం పని ముట్టుకోవద్దంది.

మెట్లు దిగుతూనే అసిరమ్మ తోడికోడలి జబ్బ పట్టుకుంది.

"నోట్లో ఏటి ఎట్టుకున్నావే? ఏడాది బట్టీ! నాను సచ్చిపోయాననుకున్నావేటి, నాకు సెప్పకుండా?"

ఈశ్వరి తల దించుకుంది. "సెప్తే నన్నూ గట్టు మీద కూకోబెట్టీయరా? నిరుడంతా నిన్ను సూసేను గదప్పా. సూసి బయమేసింది."

అసిరమ్మ పట్టు సడలిపోయింది. నా ఏడుపే గాని, పక్కనున్నదాని మొహం పాలిపోవడం కూడా చూడలేదే అని ఆవిడ లోపల్లోపల కుమిలిపోయింది.

తన రిపోర్టుకి ఒక్కతే వెళ్ళింది. ఆ పొద్దే తమ మడిలో ఉబాలు మొదలు.

"తగ్గింది, బాగా తగ్గింది!" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "ఇది మీదేనా అని నేనే దగ్గరుండి చూసుకున్నాను లెండి. దిగండి మడిలోకి. మెల్లిగా మాత్రం. మందులు మానకుండా."

అసిరమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. ఆడపిల్ల పుట్టినప్పుడు కూడా అంత ఆనందం ఎరగదు. బస్సు నడుస్తోందా ఈడుస్తోందా అనిపించింది. దిగడంతోటే ఇంటికి పోకుండా, చీర ఎగదోపుకుంటూ పొలానికి అడ్డదారి పట్టింది.

గట్టు మీద ఈశ్వరి ఒక్కతే ఉంది. మోకాళ్ళ చుట్టూ చేతులు బిగించుకుని మడివైపే చూస్తోంది. అసిరమ్మని చూడగానే కొంగుతో మొహం తుడిచేసుకుంది.

"ఏటన్నాదప్పా? తగ్గిందేటి?" అని నవ్వబోయింది. "తగ్గితే మంచిదేలే. నువ్వు దిగిపో. నాను... నాను ఒక్కదాన్నే కూకుంటాను."

రిపోర్టు అసిరమ్మ రొంటినే ఉంది. మడిలోంచి జట్టంతా తలలెత్తి చూస్తున్నారు. అవతలి గట్టు మీంచి గంగులు చెయ్యూపుతూ "ఏటయిందే?" అని కేకేస్తున్నాడు.

"ఎక్కడ తగ్గుతాదే, నా మొకం!" అంది అసిరమ్మ. గంగులుకీ వినపడేలా గట్టిగానే అంది. "ఈయేడు కూడా గట్టేనంట. జరుగు, జరుగు."

జరిగి చోటిచ్చింది ఈశ్వరి. అసిరమ్మ దాని పక్కన కూర్చుని కాళ్ళు పైకి ముడుచుకుంది. కిందికి వేలాడేస్తే నీళ్ళు తగులుతాయి, తగిలితే ఆగలేనని ఆవిడకి తెలుసు.