పోయిందన్న నొప్పి

మా అత్తయ్య సంపూర్ణమ్మ బస్సులో దారి పొడుగునా గుండె పట్టుకునే కూర్చుంటుంది. డాక్టరు గారి ముందుకెళ్ళగానే ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. పోయిన నెలా అంతే. "ఎలా ఉందమ్మా?" అని ఆయన అడగడం, "దేవుని కృపవల్ల బాగానే ఉన్నానండి" అని ఈవిడ అనడం, పాత బీపీ మాత్రలే ఆయన మళ్ళీ రాసివ్వడం. ఆ ఒక్క ముక్క కోసం కూచిపూడి అవతల మా ఊళ్ళో చీకటితో లేచి, వంట చేసి, బస్సెక్కి, గవర్నర్‌పేట ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా పడిగాపులు కాయాలి. నాకు ఒళ్ళు మండిపోతుంది. పోట్లాడే ఓపిక మాత్రం లేదు.

ఈస్టరు నాడు చర్చిలో లేచి నిలబడి, గుండెల్లో నొప్పి ప్రార్థనతో పోయిందని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. కొన్నాళ్ళకే నొప్పి మళ్ళీ వచ్చింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పదు.

"ఈసారైనా డాక్టరు గారికి చెప్పండత్తయ్యా," అన్నాను, బయట బెంచీ మీద కూర్చుని.

"అందరి ముందూ పోయిందన్నాక మళ్ళీ ఉందంటే, దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ?"

"కాదు."

"నీకు తెలీదులే దీవెనా, ఊరుకో."

ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటే. కానీ ఇవాళ కూడా చెప్పకుండా వెనక్కెళ్తే, వచ్చే నెలకి మనిషి ఉంటుందో లేదోనని భయం వేసింది. ఈవిడంటే నాకెంత విసుగో అంత ప్రాణం.

మమ్మల్ని పిలిచారు. డాక్టరు గారు తలెత్తకుండానే ఎలా ఉందన్నారు.

"దేవుని కృపవల్ల..." అని అత్తయ్య మొదలుపెట్టింది.

"ఆవిడకి బాగానే ఉందండి. నాకే బాగాలేదు," అన్నాను. ఎలా అన్నానో నాకే తెలీదు. "ఈస్టరు వెళ్ళిన దగ్గర్నుంచీ మెట్లెక్కితే గుండెల్లో పట్టేస్తోందండి. ఎడమ చెయ్యి లాగేస్తోంది."

ఆయన పెన్ను పక్కన పెట్టి నావైపు తిరిగారు. "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?"

నొప్పి గురించైతే అత్తయ్య చెప్పేవన్నీ అప్పజెప్పేశాను. నిద్ర సంగతి మాత్రం ఈమధ్య ఎవరూ నన్ను అడగలేదు. ఏడుపొచ్చేసింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ముందు ఈ అమ్మాయికి ఈసీజీ తీయండి," అన్నారాయన సిస్టరుతో.

అత్తయ్య కుర్చీలోంచి సగం లేచింది. "దానికెందుకండీ? ఆ నొప్పి నాది." చెయ్యి మళ్ళీ గుండె మీదికెళ్ళింది. "పోయిందనుకున్నాను. పోలేదు."

డాక్టరు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చీవాట్లు పెడతారనుకున్నాను. "మరి ఈ అమ్మాయి ఎందుకేడుస్తోంది?" అన్నారు.

అత్తయ్య గుండె మీది చెయ్యి తీసి నా భుజం మీద వేసింది.

"నేను ఊపిరి తీస్తున్నానో లేదోనని రాత్రంతా లేచి లేచి చూస్తుందండి. నేను నిద్రపోతున్నట్టే పడుకుంటాను. ముందు దాన్నే చూడండి."