అమ్మ నడిచే నేల

చూపు పోయాక అమ్మకు నడక కలలే ఎక్కువగా వచ్చేవి. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివిన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కాళ్లే ఆమె బండి. జబ్బు రెండు కళ్లనూ ఆర్పేసిన తరువాత గుమ్మం దిగాలన్నా ఎవరిదో ఒకరి భుజం కావాల్సి వచ్చింది. కలలో మాత్రం పొగమంచు లాంటి తెల్లని నేల మీద ఒక్కతే పోతూనే ఉండేది. ఎక్కడికని అడిగితే, "ఎక్కడికైతేనేం, పోయానుగా" అనేది.

ఒక ఉదయం టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూతురితో అంది.

"చిట్టీ, చెయ్యి పట్టుకోకుండా నడవడానికి కాస్త చదునైన నేల ఉంటే చాలే నాకు. ఇంకేం అడగను."

కూతురికి ట్రాక్టరు ఉంది. పొలాలు దున్నడానికీ మన్ను తోలడానికీ తనే నడుపుతూ అద్దెకు తిప్పుతుంది. ఇంటి వెనక ఖాళీ జాగా కూడా ఉంది. ఒకప్పుడు అక్కడ లారీలు ఆగేవి. ఏళ్ల తరబడి చక్రాలు తొక్కి తొక్కి ఆ నేల రాయిలా బిగుసుకుపోయింది. అడుగడుక్కీ ఒక గుంట, ఒక గుట్ట. గడ్డి కూడా అక్కడ మొలవడానికి మొహమాటపడేది.

"ఇంతేనా? సాయంత్రానికల్లా అద్దంలా చేసి పెడతాను," అంది కూతురు. మాట ముందు, మనిషి వెనక. అది ఆమె తీరు.

మేనమామ మెకానిక్కు. చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు కాబట్టి అందరికీ పానా మామే. ఆయన షెడ్డు నుంచి పెట్టె బ్లేడు తెచ్చి ట్రాక్టరు వెనక తగిలించుకుంది. వెనకా పక్కలా మూసిన ఇనప పెట్టె అది. అడుగున మన్ను గీకే పదునైన అంచు, దానికి ముందు నేలను చీల్చే ఇనప పళ్ల వరుస. పళ్లను కావాలంటే దించుకోవచ్చు, వద్దంటే పైకి లాక్కోవచ్చు. కూతురు పళ్ల జోలికి పోలేదు. బ్లేడు దించింది, గేరు వేసింది, జోరుగా లాగింది.

బ్లేడు నేల మీద జారిపోయింది. కీచుమంటూ రెండు తెల్లని గీతలు పడ్డాయి, అంతే. మళ్లీ లాగింది. ఇంకా జోరుగా లాగింది. ట్రాక్టరు ఎగిరెగిరి పడింది. గుట్టల మీద ఎక్కి దిగిన బ్లేడు, ఉన్న వంకరలకు తోడు కొత్త వంకరలు చేసి పెట్టింది.

వెనక వసారాలో కూర్చున్న అమ్మ చెవులు మూసుకుంది.

"ఏమే, నేలను చదును చేస్తున్నావా, దానితో తగువాడుతున్నావా?"

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని తుడుచుకుంది. అమ్మ చూడదని తెలిసినా మొహం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం పానా మామ వచ్చాడు. కాలి మడమతో నేలను ఒకసారి పొడిచి చూశాడు.

"మెత్తటి మట్టికీ దీనికీ ఒకే మంత్రమా కోడలా? ఎండిన నేల మీద ఎంత గింజుకున్నా అరిగేది నీ బ్లేడే. ముందు దాన్ని తాగనివ్వు."

పైపు పెట్టి జాగా అంతా తడిపారు. నీళ్లు మొదట ఇంకలేదు. గుంటల్లో నిలబడి ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా చూపించాయి. తరువాత నెమ్మదిగా, నేలకు ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు, ఒక్కో బుడగా వదులుతూ లోపలికి దిగాయి. మట్టి వాసన ఇంట్లోకి వచ్చింది. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి చాలాసేపు ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయింది.

బురద ఆరి, నేల చెమ్మగా మాత్రం మిగిలిన రోజున మళ్లీ మొదలుపెట్టారు. మామ పళ్లు దించి చీలలు బిగించాడు. ట్రాక్టరుకూ పెట్టెకూ మధ్య పైన ఉండే మర కడ్డీని తిప్పి పొట్టి చేశాడు. పెట్టె ముందుకు వంగింది, పళ్లు కిందికి చూశాయి.

"చిన్న గేరు వెయ్యి. ఒకేసారి లోతుకు దించకు, పైపొర చీలితే చాలు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. నేల నీ మాట వినేదాకా తిరుగుతూ ఉండు. తొందరెక్కువైతే నాకు పని పెడతావు."

"నత్తలా పొమ్మంటావా మామా?"

"నత్తకేం తక్కువే? ఇల్లు మోసుకుంటూ కూడా చేరాల్సిన చోటికి చేరుతుంది."

ట్రాక్టరు నిద్రలో నడుస్తున్నట్టు కదిలింది. ఈసారి కీచుమనలేదు. కింద నుంచి మెత్తగా, గుడ్డ చినుగుతున్నట్టు చప్పుడు వచ్చింది. కూతురు వెనక్కి తిరిగి చూసింది. బిగుసుకున్న నేల పెళ్లలు పెళ్లలుగా విచ్చుకుంటోంది. లోపలి మట్టి నల్లగా, తడిగా, ఎవరూ తాకనంత కొత్తగా ఉంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఎండ వాలిపోతున్నా ఆమెకు తెలియలేదు. చేయి లివరు మీద ఉంది, మనసు ఎక్కడో ఉంది. అమ్మ చంకనెక్కి వీధులన్నీ తిరిగిన రోజుల్లో తెలిసిన ఊపు, ఇప్పుడు సీటు కింద తెలుస్తోంది.

పై పొర అంతా చీలాక పళ్లు పైకి లాగేశారు. కడ్డీని పొడుగు చేసి పెట్టెను వెనక్కి వాల్చారు. ఇప్పుడు పెట్టె గుట్టల మన్నును నింపుకుని గుంటల్లో ఒంపుకుంటూ పోయింది. పోగా పోగా నేల దుప్పటి పరిచినట్టు అయింది. నీళ్లు చిలకరించి, రోలరు దొర్లించి అణిచారు.

మర్నాడు పొద్దున్నే కూతురు అమ్మను నేల అంచుకు తీసుకొచ్చి చెయ్యి వదిలేసింది.

"నీదే, నడువు."

అమ్మ చెప్పులు విడిచింది. ఒక అడుగు, ఇంకో అడుగు. మధ్యదాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. చేతులు గాలిలో వెతికాయి.

"చిట్టీ! నేనెక్కడున్నానే?"

"అక్కడే ఉన్నావమ్మా, మధ్యలో!"

"మధ్య ఏదే? అంతా ఒక్కలాగే ఉంది. నీళ్లలో వదిలేసినట్టుంది. నన్ను తీసుకుపో."

కూతురు పరుగెత్తి పట్టుకుంది. అమ్మ వేళ్లు మంచులా ఉన్నాయి. వసారాలో కూర్చోబెట్టాక పానా మామ మంచినీళ్లు అందించాడు. ఇంత చేసీ ఇదా అని కూతురికి ఉక్రోషం, అమ్మకు నొచ్చుకోలు. చివరికి అమ్మే అంది.

"మీ తప్పు లేదే. పాత నేలలో ప్రతి గుంటా నాతో ఏదో ఒకటి చెప్పేది. ఇది మరీ మూగదైపోయింది."

కూతురు జాగా వైపు చూసింది. లేచి ట్రాక్టరు స్టార్టు చేసింది. పళ్లు మళ్లీ దించింది, ఈసారి వేలెడు లోతుకు మించకుండా. జాగా అంచు వెంబడి చుట్టూ ఒక్కసారి లాగింది. మూలల దగ్గర నెమ్మదిగా, అన్నం మెతుకు ఒలకకుండా పళ్లెం తిప్పినట్టు తిప్పింది. పళ్ల గీతలు దువ్వెన దువ్విన జుట్టులా పడ్డాయి. పెరటి గుమ్మానికి ఎదురుగా అడ్డంగా ఇంకో పట్టీ గీసింది.

"అమ్మా, నున్నగా ఉన్నంతసేపూ నడువు. కాలికి గీతలు తగిలితే అంచుకొచ్చావని. అడ్డగీతలు తగిలితే గుమ్మం దగ్గరున్నావని."

అమ్మ మొదట గీతల మీదే నడిచింది, పాదంతో చదువుకుంటున్నట్టు. ఒక చుట్టు పూర్తయింది. రెండో చుట్టులో లోపలికి, నున్నటి నేల మీదికి దిగింది. మొహంలో బిగువు సడలింది. దూరం నుంచే కేకేసింది.

"గుడ్డిలో మెల్ల అంటే ఇదేరా తమ్ముడూ!"

పానా మామ నవ్వబోయి దగ్గాడు. దగ్గు నవ్వు వల్లో దుమ్ము వల్లో ఎవరికీ చెప్పలేదు.

మబ్బు పట్టి వెలుతురు పాలలా పలచబడింది. అమ్మ తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆగి చెయ్యి చాచింది.

"ఇలా రావే. కళ్లు మూసుకో. దొంగచూపులు చూడకు."

కూతురు చెప్పులు విడిచి కళ్లు మూసుకుంది. కాళ్ల కింద నేల చల్లగా, అంతులేనంత పెద్దగా తోచింది. నాలుగడుగులకే ఇల్లు ఎటో, ట్రాక్టరు ఎటో తెలియలేదు. ఆగిపోయింది.

"భయపడకు," అమ్మ గొంతు పక్క నుంచి వచ్చింది. "అడుగు చిన్నగా వెయ్యి. నేలే చెబుతుంది."

కూతురు అడుగు చిన్నది చేసింది. ఇద్దరూ చేతులు పట్టుకోకుండా, పక్కపక్కనే, గీతల వైపు నడిచారు.