పిస్టన్ పైకొచ్చేదాకా

పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే షెడ్డులోంచి మొగుడి కేక వచ్చింది. "ఏమే, యాడుండావు? గుడ్డ తీసుకోని రా!"

రూపనగుడి రోడ్డులో గురునాథ్ ట్రాక్టర్ల షెడ్డుకూ ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. బోర్డు మీద మెకానిక్ గురునాథ్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. పెళ్లాం వినూత చేసేది పని కాదు, సాయమట. వంట, అంట్లు, అత్త కాళ్లకు నూనె, ఆపైన ఇంజిన్లకు సాయం.

డీజిల్ పంపు టైమింగు కట్టే ముందు మొదటి పిస్టన్‌ను పూర్తిగా పైకి తేవాలి. ఇంజిన్ పైన డీజిల్ చిమ్మే నాజిల్ విప్పిన బొక్క మీద వినూత బొటనవేలు పెట్టి, గాలి తోసుకొచ్చినప్పుడు చెప్పాలి. రెండో చేత్తో బెల్టు పక్కన చక్రం మీది గీటు తుడుస్తూ, అది ఇంజిన్ మీది గుర్తుకు ఎదురొచ్చిందా చూడాలి. ఆ చక్రాన్ని స్పానర్‌తో మెల్లగా తిప్పడం పద్ధతి. గురునాథ్‌కు అంత ఓపిక ఎక్కడిది? సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పి, సెల్ఫ్ కొట్టి కొట్టి ఆపుతాడు; కొట్టినప్పుడల్లా బెల్టు ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది.

పోయినేడు అలా కొట్టినప్పుడే ఆమె కుడి చూపుడువేలు సగం బెల్టులో పోయింది. ఆ ముందురోజే, బళ్లారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే పనికి పోతానని ఆమె చెప్పింది. "పొరపాటైపాయ, ఏం చేస్తాం" అంటూ గురునాథ్ ఆసుపత్రిలో కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అత్త పంపమ్మయితే, "వాడేమన్నా కావాలని చేసినాడా? నీ ధ్యాస యాడుండాదో" అంది. వినూత కూడా ఏడాదంతా తన ధ్యాసనే తిట్టుకుంది, పాపం.

ఈ పొద్దున మళ్లీ చెప్పింది. ప్యాంట్లకు దారాలు కత్తిరించే పనికి రమ్మన్నారని. అరుస్తాడనుకుంది. అతను చాయ్ గ్లాసు కింద పెట్టి, "సరేలే" అన్నాడు.

ఇప్పుడు బొటనవేలు బొక్క మీద పెట్టింది. రెండో చెయ్యి మాత్రం బెల్టు దాకా పోనంటోంది. సీట్లోంచి గురునాథ్ ఆమె చేతినే చూస్తున్నాడు.

"ఏంది అట్ల నిలబడినావు? చెయ్యి ఇంకా లోపలికి పెట్టు."

"భయమైతాంది."

"భయమేందే? ఏమీ కాదు. నేనుండాను గదా."

పోయినేడు కూడా అతనుండగానే అయింది. వినూత చేతులు రెండూ వెనక్కి తీసుకుని గుడ్డ అతని వైపు చాచింది.

"ఏమీ కాదు గదప్పా. అయితే నువ్వొచ్చి తుడువు. నేను పైన సీట్లో కూర్చుంటా."

బెంచీ మీద బొరుగులు తింటున్న, ఆ ట్రాక్టరు తెచ్చిన రైతు హొన్నప్ప గట్టిగా నవ్వాడు. "హౌదప్పా గురునాథా, నిజమే, అక్కను ఒకసారి కూర్చోనీ!"

పరాయివాడి ముందు గురునాథ్ కూడా నవ్వక తప్పలేదు. దిగాడు. గుడ్డ అందుకుని బెల్టు వైపు ఒకడుగు వేసి ఆగాడు. వెనక్కొచ్చి తాళంచెవి పీకి జేబులో వేసుకున్నాడు. అదీ చాలలేదు. బ్యాటరీ వైరు విప్పి పక్కకు తోశాడు. ఆమె చేతికి స్పానర్ ఇచ్చాక గానీ తన చెయ్యి లోపల పెట్టలేదు.

"మెల్లగ తిప్పు" అన్నాడు.

వినూత అతని జేబు వంక, విప్పిన వైరు వంక చూసింది. లోపల చెయ్యి ఉండగా సెల్ఫ్ కొడితే ఏమైతుందో అతనికి ముందు నుంచీ తెలుసు.

స్పానర్ బల్ల మీద పెట్టి, "హొన్నప్పన్నా, బళ్లారి బస్సు పోయిందా?" అని అడిగింది.