చివరి పేజీలో నా సంతకం

నాకు అన్నిటికన్నా పెద్ద భయం తాళం. పాపను ఎత్తుకుని పాలకని వెళ్లి వచ్చేసరికి మా తలుపుకు ఇంకో తాళం వేలాడుతుంటుందేమోనని.

నాలుగేళ్లు కలిసి ఉన్నాం, పెళ్లి మాత్రం చేసుకోలేదు. కిందటి నెల పాప వాళ్ల నాన్న బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. పోయిన ఆదివారం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"స్థలం నా పేరు మీదుంది. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యి."

"ఆ కాగితాల్లో నా సంతకం లేదా ఏంటి?"

నవ్వాడు. "ఎందుకు లేదూ? వెళ్లి చదివించుకో."

మర్నాడే లాయరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నేను తీసుకెళ్లిన జిరాక్సు కాగితాల చివరి పేజీ తిప్పి, నా సంతకం పక్కన వేలు పెట్టింది.

"ఇదేంటో చదువమ్మా."

కూడబలుక్కుని చదివాను. సాక్షి.

ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని. స్థలం రాయించుకున్న రోజు ఆయన "ఇక్కడ పెట్టు" అంటే, ఇద్దరిదీ కాబట్టే పెట్టమంటున్నాడనుకున్నాను. అక్షరాలు గుండ్రంగా రావాలని ముందు అరచేతి మీద రాసి చూసుకున్నాను కూడా.

"మరి ఇల్లు కట్టిన ఇటుకలు నా కుట్టుపని డబ్బుతోనే కదండీ వచ్చాయి?"

"నువ్వు చెబితే చాలదు. చూసినవాళ్లున్నారా?"

ఉన్నాడు. గోడలు కట్టిన మేస్త్రీ తాత. ఇటుకల బండి వచ్చినప్పుడల్లా మా ఆయన్ని దాటుకుని నా దగ్గరికొచ్చి, "ఓనరమ్మా, దించమంటావా?" అని ఆటపట్టించేవాడు.

"ఆయన్ని తీసుకురా. అప్పటిదాకా ఇల్లు వదిలి కదలకు," అంది లాయరమ్మ.

మంగళవారం ఫోను చేశాను. "వస్తానే తల్లీ, ఈ దగ్గు కాస్త తగ్గనీ. నేను చెప్పకపోతే ఎవడు చెబుతాడు?" అన్నాడు తాత.

ఇవాళ శుక్రవారం. రెండు రోజులుగా తాత ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. ఒంటరి మనిషి.

చెప్పులు వేసుకుంటాను, విప్పేస్తాను. వీధిలో ఏ బండి ఆగినా తాళం చెయ్యి తడుముకుంటాను. నిజం చెప్పొద్దూ, ఫోను ఎత్తకపోతే నాకు ముందు గుర్తొచ్చింది తాత కాదు, తాత చెప్పాల్సిన మాట. సిగ్గేసింది.

రైలు గేటు దాటాక, కట్టెల అడితి పక్క సందులో ఆయన గది. ఊళ్లో గోడలన్నీ నునుపు చేసినవాడు తన గోడ మాత్రం సగం పూసి వదిలేశాడు, అదే గుర్తు. అటు వెళ్తే ఒక్కసారి తలుపు తట్టండి. గట్టిగా తట్టండి, కాస్త చెవుడు. నా ఇంటి సంగతి ఎత్తకండి. దగ్గు తగ్గిందో లేదో చూడండి, చాలు.